ముసుగు ఎవరి ముందు తీయాలి, ఎంత తీయాలి, ఎట్లా తీయాలి

పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా మనమంతా ఏదో ఒక మొఖం పెట్టుకునే తిరుగుతాం. దుకాణంలో గిరాకీ ముందు ఒకటి, పెద్దమనుషుల ముందు ఒకటి, బిడ్డ అత్తగారింటికి పోయినప్పుడు ఇంకొకటి. ఇవన్నీ తీసి పారేయండి, ఉన్నది ఉన్నట్టు బతకండి అని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆ మాట నమ్మి మర్నాడే మేనేజర్ మీద, అత్తమీద నోరు పారేసుకున్నవాళ్లూ దొరుకుతారు. చావింట్లో నవ్వు ఆపుకోవడం, పెండ్లింట్లో ఏడుపు మింగడం మర్యాద. దాంతో ఎవరి ఆరోగ్యమూ చెడదు.

చెడేది ఇంటికొచ్చి తలుపేసుకున్నాక కూడా ఊడిరాని ముసుగుతో. మీదీ అలాంటిదేనా అని తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. మీ లోపల నలుగుతున్న విషయం బతికున్న ఒక్క మనిషికైనా తెలుసా? దాన్ని దాచడానికి నిద్రో తిండో డబ్బో ఖర్చవుతోందా? ఎవరైనా "ఎట్లున్నవ్?" అంటే ఆలోచించకముందే నోట్లోంచి "మంచిగనే ఉన్న" అని వచ్చేస్తోందా? మొదటిదానికి లేదు, మిగతా రెండింటికి అవును అంటే ఈ రాత మీకోసమే. మూడింట్లో ఒక్కటే కుదిరితే ఇప్పటికి కింద చెప్పిన ఏడు రోజుల పుస్తకం పని ఒక్కటి చేసి చూడండి.

ముందు, మీది ఏ ముసుగో గుర్తుపట్టండి

మన దిక్కు ఎక్కువగా కనపడేవి నాలుగైదు ఉన్నాయి. కోస్గి, మద్దూరు, నారాయణపేట దిక్కు నుంచి ముంబై, పుణె పోయి సెంట్రింగ్ పనో మట్టి పనో చేసేవాళ్లు ఫోన్లో పెట్టుకునేది "మంచిగనే ఉన్న" ముసుగు. అశోక్‌నగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో రూం తీసుకొని గ్రూప్స్‌కో కానిస్టేబుల్‌కో చదివే పిల్లలదీ అదే. "ప్రిపరేషన్ ఎట్లుంది?" అంటే "మంచిగ నడుస్తుంది" అంటారు, నోటిఫికేషన్ వచ్చినా రాకపోయినా.

రెండోది "అన్నీ నేనే చూసుకుంట" ముసుగు. ఇంటి పెద్దకొడుకుకో, తండ్రి లేని ఇంట్లో పెద్దబిడ్డకో చిన్నప్పుడే తగిలిస్తారు. చెల్లెండ్ల పెండ్లిళ్లు, ఆస్పత్రి ఖర్చులు, భూమి పంచాయితీలు అన్నీ వాళ్ల నెత్తినే. అలసిపోయామని చెప్పే హక్కు తమకు లేదనుకుంటారు. మూడోది పైసలున్నట్టు కనపడే ముసుగు: మూడు రూపాయల మిత్తికి తెచ్చి దావత్ చేయడం, కిస్తీలు కట్టలేని కారు వాకిట్లో పెట్టడం. నాలుగోది నవ్వించేవాడిది. సోపతిగాళ్లంతా ఒకచోట చేరితే అందరికన్నా ఎక్కువ జోకులేసేవాడు ఒంటరిగా ఎట్లుంటాడో ఎవరూ అడగరు.

మగవాళ్లలో ఎక్కువగా ఉండేది, అందరికన్నా ఆలస్యంగా బయటపడేది కోపం ముసుగు. దీని దగ్గర కాసేపు ఆగాలి. బోరు ఎండింది. ఎరువుల దుకాణంలో బాకీ పెరిగింది. పత్తి తడిసిందని మార్కెట్లో ధర కోసేశారు. మనిషి ఇంటికొచ్చి కూరలో ఉప్పెక్కువైందని తలె విసిరికొట్టాడు. అక్కడ నడుస్తున్నది ఉప్పు ముచ్చట కాదు, భయం. భయపడుతున్నానంటే ఇజ్జత్ పోతుంది, అరిస్తే మొగోడనిపించుకోవచ్చు. అందుకే భయం కోపం వేషం కట్టుకొని వస్తుంది. మీకు ఇది ఉందో లేదో చూసుకునే పద్ధతి ఒక్కటే. కోపం చల్లారాక, దానికి గంట ముందు ఏం జరిగిందో వెనక్కి పోయి చూడండి. ఎవరి ఫోన్ వచ్చింది, ఎవరు ఏమన్నారు, ఏ లెక్క గుర్తుకొచ్చింది? పది కోపాల్లో ఆరేడింటి వెనక ఒకే విషయం తగిలిందంటే, మీరు మాట్లాడాల్సింది ఆ విషయం గురించే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇది కోపానికి కారణం, సాకు కాదు. చేయిచేసుకునే మొగుని దగ్గర ఉన్న ఆడమనిషి "ఆయన లోపల భయపడుతున్నడు" అని అర్థం చేసుకుంటూ కూర్చోవాల్సిన పని లేదు. ఆమెకు కావాల్సింది 181 మహిళా హెల్ప్‌లైన్.

తీయకూడనివి పక్కన పెట్టండి

కొన్ని ముసుగులు మనిషి ప్రాణానికి కాపలా. కొట్టే మనిషి ముందు మనసులో మాట చెప్పడం ధైర్యం కాదు, ప్రమాదం. పట్నంలో కిరాయిల్లు అడిగితే "మీరేంటోళ్లు?" అనే ప్రశ్న ఇంకా పోలేదు, అక్కడ కులం దాచుకున్నవాడిని నిజాయితీ లేదని తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు. తన ఇష్టం ఎవరి మీదో ఇంట్లో తెలిస్తే వెళ్లగొడతారని భయపడే పిల్లదో పిల్లగాడో, తన కాళ్ల మీద తాను నిలబడేదాకా చెప్పకపోవడమే తెలివి. ఇలాంటివి మీకుంటే లిస్టులోంచి కొట్టేయండి. వాటి బరువు పంచుకోవడానికి ఊరితో, చుట్టరికంతో సంబంధం లేని మనిషి కావాలి: కౌన్సెలరో, వేరే ఊరి దోస్తో, హెల్ప్‌లైనో.

సిగ్గుతో కట్టుకున్న ముసుగు మాత్రం వేరే. మర్రిగూడ, మునుగోడు దిక్కు నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల పండ్లు గారపట్టినవాళ్లు చాలామంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొనే నవ్వుతారు. అందులో వాళ్ల తప్పు వీసమెత్తు లేదు, అయినా దాచుకుంటారు. తప్పు లేని చోట దాచుకునే విషయాలు మీకూ ఉంటాయి: పిల్లలు కాకపోవడం, పెండ్లి చెడిపోవడం, పరీక్ష తప్పడం. తీయడం మొదలుపెట్టడానికి ఇవే మంచివి, ఎందుకంటే చెప్పినప్పుడు ఎదుటి మనిషి మనం భయపడ్డంత పెద్దగా తీసుకోడు.

ఏడు రోజుల పుస్తకం

ఒక చిన్న నోటుబుక్కు. రోజుకు ఒకటి రెండు ఎంట్రీలు, ఒక్కోటి మూడు నాలుగు లైన్లు. ఎప్పుడు, ఎవరి ముందు, పైకి ఏమన్నారు, లోపల ఏముంది, ఒంట్లో ఎక్కడ తెలిసింది. అంతే. ఇట్లా ఉంటుంది:

"మంగళవారం, సాయంత్రం 6. మేస్త్రీ. 'ఏం గాదన్నా, వచ్చే వారం ఇయ్యి' అన్న. లోపల కోపం. ఇంట్ల బియ్యం అయిపోయినయ్. గొంతు పట్టేసినట్టు అయింది."

"గురువారం, రాత్రి. వదిన ఫోన్. 'మేమంతా మంచిగున్నం వదినా' అన్న. లోపల కుళ్లు. వాళ్లు ఇల్లు కట్టుకుంటున్నరు. కడుపుల తిప్పినట్టు."

కుళ్లు, అసూయ లాంటివి కూడా రాయాలి. చాలామంది ఇక్కడే మోసం చేసుకుంటారు. పుస్తకంలో కూడా మంచి మొఖమే పెడతారు. రాసింది చదివితే మీకే కాస్త ఇబ్బందిగా ఉండాలి, లేకపోతే అది ఇంకా ముసుగే.

పని చెడగొట్టేవి రెండు. ఒకటి, "టెన్షన్" అని రాసి ఊరుకోవడం. బాకీ వాళ్లు ఇంటిముందుకొస్తారన్న భయం, కొడుకు మాట వినడంలేదన్న బాధ, నిద్రలేని అలసట, అన్నీ ఆ ఒక్క మాట కిందికే పోతాయి. బేజారు, పరేషాన్, ఒకతీరుగుంది కూడా అంతే. ఆ వారం ఈ మాటలు పక్కన పెట్టి భయం, సిగ్గు, కోపం, దిగులు, అసూయ, ఒంటరితనం, అలసట, ఈ ఏడింట్లో ఏదో తేల్చి రాయండి. పేరు పెట్టడం వల్ల నిజంగానే తేడా ఉంటుంది. అమెరికాలో మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో చూపించింది ఇదే: చూసిన మొఖంలోని భావానికి పేరు పెట్టినప్పుడు మెదడులో భయానికి స్పందించే అమిగ్డాలా అనే భాగం ఉధృతి తగ్గింది.

రెండోది, పుస్తకం ఇంకొకరి చేతిలో పడటం. ఇంట్లో అందరూ వాడే ఫోన్లో రాయొద్దు, వాయిస్ రికార్డింగ్ అసలే వద్దు. కాగితం మీద రాసి, వారం కాగానే ఏది మళ్లీ మళ్లీ వచ్చిందో ఒక లైను గుర్తుపెట్టుకొని, మిగతాది చింపి పొయ్యిలో వేయండి. చదువు రానివాళ్లు ఇదే పని పొలం గట్టు మీద నడుస్తూ నోటితో చెప్పుకోవచ్చు. ఎవరూ వినని చోట గొంతు విప్పి చెప్పుకోవాలి, మనసులో అనుకుంటే సగమే పనిచేస్తుంది.

ఒంట్లో ఎక్కడ తెలిసిందో రాయమన్నది ఊరికే కాదు. మన ఊళ్లలో దుఃఖం ఒంటినొప్పులై బయటికొస్తుంది. గుండెదడ, మెడలు పట్టేయడం, అరికాళ్ల మంటలు, కాళ్లు గుంజడం. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి, బలం సూది వేసి పంపుతాడు. రెండు రోజులు నెమ్మదిగా ఉంటుంది, ఎందుకంటే గంటసేపు పడుకోబెట్టి ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు. మళ్లీ మొదలు. జేమ్స్ గ్రాస్ అనే సైకాలజిస్టు 1990లలో చేసిన ప్రయోగాల్లో, సినిమా ముక్క చూస్తూ మొఖంలో ఏమీ కనపడనీయొద్దని ఎవరికి చెప్పారో వాళ్ల మొఖం మామూలుగానే ఉంది గానీ, గుండె, రక్తనాళాల మీద భారం మాత్రం పెరిగింది. దాచినంత మాత్రాన లోపలిది తగ్గదు. అయితే ప్రతి నొప్పినీ మనసు మీదికి తోయడం కూడా తప్పే. ముందు రక్తం, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. రక్తం తక్కువున్న ఆడవాళ్లకు దడ, ఆయాసం, నీరసం మామూలు. అది ఏ ముసుగూ కాదు. గుండెలో నొప్పి వస్తే ఈ రాత పక్కన పెట్టి ఆస్పత్రికి పోండి.

ఏడు రోజుల్లో ఒకే విషయం మళ్లీ మళ్లీ వస్తే, దాని గురించి వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, ఆపకుండా, అక్షర దోషాలు చూసుకోకుండా రాయండి. ఇది జేమ్స్ పెన్‌బేకర్ 1986 నాటి పద్ధతి. లాభం అందరికీ ఒకేలా రాలేదు, కానీ ఖర్చు లేని పని కాబట్టి చేసి చూడవచ్చు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కుతుంది. అందుకే పడుకునే ముందు కాకుండా సాయంత్రం చేయండి. దినకర్మ కూడా కాని చావు గురించి మాత్రం ఇప్పుడే రాయొద్దు.

మనిషిని ఎంచుకోవడం

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. మనసు నిండినప్పుడు ఎవరు ఎదురుపడితే వాళ్లకు చెప్పేస్తారు. ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదని తెల్లారాక గుర్తొస్తుంది.

వద్దనుకోవాల్సినవాళ్లు: మీకు అప్పిచ్చినవాళ్లు, మీరు అప్పిచ్చినవాళ్లు, మీరు బాగుంటేనే తాము బాగుండేవాళ్లు (ముసలి తల్లి, చిన్నపిల్లలు), ఇతరుల ముచ్చట మీకు తెచ్చి చెప్పేవాళ్లు. చివరివాళ్లు తియ్యగా మాట్లాడతారు, అదే చిక్కు. పక్కింటి గుట్టు మీకు చెప్పిన నోరే మీ గుట్టు పక్కింటికి చెబుతుంది. పనికొచ్చేవాళ్లు తరచుగా కాస్త దూరంగా ఉంటారు: మేనమామ, చిన్నమ్మ, చిన్నప్పటి క్లాస్‌మేట్, రిటైరైన సార్, ఆడవాళ్లకైతే పుట్టింటి దిక్కు వదిన. తమ కష్టం ఒకప్పుడు మీకు చెప్పుకున్న మనిషి అన్నింటికన్నా మేలు.

నమ్మే ముందు ఒక చిన్న ముచ్చటతో చూడండి. బయటపడినా నష్టం లేనిది, కానీ మీరు ఇంకెవరికీ చెప్పనిది. "ఈ నెల కిస్తీ కట్టలేదు" లాంటిది. పది రోజులు ఆగండి. అది తిరిగి ఇంకో నోటి నుంచి మీ చెవిన పడకపోతే రెండో ముచ్చట చెప్పొచ్చు.

మగవాళ్లు ఎదురెదురుగా కూర్చొని ఇట్లాంటివి మాట్లాడలేరు. పక్కపక్కన ఉంటే మాట్లాడతారు. బండి మీద సాగర్ దాకా పోవడం, బత్తాయి తోటలో పాదులు తీసుకుంటూ, మోటరు దగ్గర కరెంటు కోసం కాసుకొని ఉన్నప్పుడు. కండ్లల్లో కండ్లు పెట్టి చూడాల్సిన పని లేదు, మధ్యలో మాట ఆగిపోతే చేతిలో పని ఉంటుంది.

కల్లు దుకాణంలోనో, రాత్రి సిట్టింగ్‌లోనో మాత్రం చెప్పొద్దు. అక్కడ చెప్పడం సులువే, కానీ లెక్కలోకి రాదు. ఏడ్చినా అరిచినా పొద్దుగాల "తాగి వాగిండు" అని కొట్టేస్తారు, చెప్పినవాడు కూడా "రాత్రి ఏమన్న అన్ననా?" అని తప్పించుకుంటాడు. ఇద్దరూ ఏం జరగనట్టు ఉంటారు, ముసుగు ముందుకన్నా గట్టిగా బిగుసుకుంటుంది. ఆ తర్వాత మందు లేకుండా ఆ మాట రాదు.

చెప్పడం

మొదటిసారి పది వంతుల్లో ఒక వంతు చాలు. పదిహేను నిమిషాలు దాటొద్దు. భోజనం ముందు, బతుకమ్మ రోజు, పెండ్లిలో, రాత్రి పదకొండింటికి వద్దు. నాలుగు సంగతులు కుదరాలి: మీకేం కావాలో (లేదా ఏం వద్దో) ముందే చెప్పడం, ఒకే విషయం, ఒకే భావం, ఆపేయడం.

పుణెలో ఉన్న కొడుకు, మక్తల్ దగ్గర ఊళ్లో తండ్రి. రోజూ నడిచే ఫోను ఇట్లుంటుంది: "నాయినా, తిన్నరా?" "తిన్నం. నువ్వు మంచిగున్నవా?" "ఆ, మంచిగున్న." "సరే మరి, ఉంట." దాన్ని ఇట్లా మార్చొచ్చు:

"నాయినా, పైసల కోసం చేసిన ఫోన్ గాదు, పరేషాన్ గాకు. ఇంటికి రమ్మని గూడ అనకు. ఊకె నీకు చెప్పాలనిపించింది."

"ఏమైంది కొడుకా?"

"నెలసంది నిద్ర వడ్తలేదు. పని దొరుకుతుంది, దానికేం లేదు. ఒక్కన్నే ఉన్నట్టు అనిపిస్తది."

"ఎవ్వరన్న ఏమన్నన్నరా?"

"ఎవ్వరేమన్లే. ఊకెనే గట్ల."

కాసేపు చప్పుడు లేదు. "సరే కొడుకా. రేపు గూడ చెయ్యి."

"చేస్త నాయినా. పెడ్తున్న."

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పైసల మాట ముందే తీసేశాడు, ఎందుకంటే కొడుకు గొంతు మారితే తండ్రికి ముందు తోచేది అదే. రమ్మనొద్దని చెప్పాడు కాబట్టి తండ్రి పరిష్కారం వెతుక్కునే పనిలో పడలేదు. మధ్యలో వచ్చిన ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి నోటికొచ్చింది మాట్లాడలేదు. ఫోన్లో చప్పుడు ఆగితే లైన్ కట్టయిందనుకొని చాలామంది "హలో హలో" అంటారు. ఆగండి, అవతలి మనిషి మాట వెతుక్కుంటున్నాడు.

మొదటి మాట నోటికి రాకపోతే ఇవి వాడుకోండి. "నీకొక మాట చెప్త అక్కా, సలహా వద్దు, ఊకె విను." "నేను నవ్వుతనే ఉంట గని, లోపల గట్ల లేదు." "ఇది ఎవ్వరికీ చెప్పలే, నీకే చెప్తున్న, నీ కాన్నే ఉండాలె."

ఎక్కడ తేడా కొడుతుంది

చెప్పగానే "గింత దానికేనా? నా కష్టం జూడు" అని ఎదుటివాళ్లు తమ కథ ఎత్తుకోవచ్చు. చెడ్డ మనసుతో కాదు, మిమ్మల్ని తేలికపరుద్దామనే. ఒక్కసారి "అది తర్వాత చెప్పు అన్నా, నాది గీ రెండు మాటలు విను" అనండి. అయినా వినకపోతే ముచ్చట మార్చేయండి, మనిషిని మార్చండి, పద్ధతిని కాదు.

భయపడే మనుషులుంటారు. వెంటనే గుడికి, దర్గాకు తీసుకుపోతామంటారు. చెరువుగట్టుకో జాన్‌పహాడ్‌కో పోయి వస్తే మనసు కుదుటపడేవాళ్లు ఉన్నారు, పోవడంలో తప్పేం లేదు. కాకపోతే దిష్టి, చేతబడి అని డబ్బు గుంజే మనిషి దగ్గరికి తీసుకుపోతే మాత్రం కాళ్లు అడ్డం పెట్టాలి.

ముచ్చట బయటపడితే? ఊరంతా తెలిసినట్టే అనిపిస్తుంది, నిజానికి నలుగురైదుగురికి తెలిసి ఉంటుంది. వాళ్లడిగితే కాదనొద్దు, వివరించొద్దు. "అవును, జర కష్టంగ ఉండె, ఇప్పుడు చూసుకుంటున్న" అని ఆపేయండి. కాదని బుకాయిస్తే ముచ్చట ఇంకో నెల నడుస్తుంది.

తెల్లారాక "ఎందుకు చెప్పినరా దేవుడా" అనిపించడం దాదాపు అందరికీ ఉంటుంది. చెప్పింది తప్పని దానర్థం కాదు. రెండు రోజులు ఆ మనిషిని తప్పించుకు తిరగాలనిపిస్తుంది. తిరగొద్దు, మామూలు ముచ్చటతోనైనా ఒక ఫోన్ చేయండి. తప్పించుకుంటే వాళ్లు కూడా తమదే ఏదో పొరపాటు అనుకొని దూరమవుతారు.

ఇంకో రకం ఉంది. "నేను ఉన్నదున్నట్టు మొఖం మీదనే చెప్త" అని గొప్పగా చెప్పుకునేవాళ్లు. వాళ్లు చెప్పేదంతా ఎదుటివాడి గురించే, తమ గురించి ఒక్క ముక్క ఉండదు. "నువ్వు స్వార్థపరునివి" అనడం సులువు. "నువ్వు పిలవకపోతే నాకు చిన్నతనమైంది" అనడానికే దమ్ము కావాలి. మీరు చెప్పబోయే మాట "నువ్వు"తో మొదలైతే ఒక క్షణం ఆగి "నాకు"తో మొదలుపెట్టి చూడండి. అట్లా చెప్పలేకపోతే అది నిజం చెప్పడం కాదు, కచ్చ తీర్చుకోవడం.

పనిచోట తీయలేని ముసుగు

చీరల దుకాణంలో యాభై చీరలు విప్పించి ఒక్కటీ కొనని గిరాకీ ముందు నవ్వాల్సిందే. తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చిన 2023 డిసెంబర్ నుంచి కిక్కిరిసిన పల్లెవెలుగులో కండక్టర్, ఆస్పత్రిలో నర్సు, ఇంటింటికీ తిరిగే ఆశ వర్కర్, వీళ్ల జీతంలో మొఖం కూడా ఒక భాగం. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజికవేత్త విమానాల్లో పనిచేసే అమ్మాయిలను చూసి 1983లోనే ఇది కూడా శ్రమేనని రాసింది. శ్రమ అయితే దానికి విశ్రాంతి కావాలి.

పైపై నవ్వు తొందరగా అలసట తెస్తుంది. అరిచే ముసలాయనను చూసి నవ్వు పూసుకోవడం కన్నా "ఈయనకు ఇప్పుడు బస్సు తప్పితే రాత్రికి ఊరు చేరడు" అని ఒక్క క్షణం అనుకుంటే ఆ ఓపిక లోపలి నుంచే వస్తుంది, బరువు తక్కువ. అన్నిసార్లూ కుదరదు. కుదరనప్పుడు ఇంటికి పోయే ముందు పది నిమిషాలు తీసుకోండి: బస్టాండులో బెంచీ మీద, బండి ఆపి చెట్టు కింద, ఫోన్ చూడకుండా. ఇంటికొచ్చాక కాళ్లు చేతులు కడుక్కునేదాకా ఎవరూ ఏమీ అడగొద్దని ఇంట్లోవాళ్లతో ఒప్పందం పెట్టుకోండి. ఆ పది నిమిషాలు లేనివాళ్లే నవ్వు దుకాణంలో ఇచ్చేసి, కోపం ఇంటికి తెస్తారు.

మీరు వినేవాళ్లయితే

"ఎట్లున్నవ్?" అని అడిగితే "మంచిగున్న" తప్ప ఇంకేం రాదు. చిన్న ప్రశ్న అడగండి. "నిన్న ఎన్నింటికి పడుకున్నవ్?" "మధ్యాహ్నం ఎవరితోని తిన్నవ్?" వాటికి తయారుగా జవాబు ఉండదు. మొదటిసారి మంచిగున్న అన్నాక కాసేపాగి రెండోసారి అడగండి. నిజం తరచుగా రెండోసారికే వస్తుంది. మూడోసారి అడగొద్దు, అది పోలీసు విచారణ అవుతుంది. ఎదుటివాళ్ల నవ్వు అసలుదా నకిలీదా అని కండ్ల చుట్టూ ముడతలు చూసే విద్య కూడా వద్దు. కండ్లతో సహా నవ్వడం నేర్చినవాళ్లు మన చుట్టూ బోలెడు మంది.

పిల్లల విషయంలో "మొగపిల్లగానివి, ఏడుస్తవేంది?" అనే మాట ఈ రోజే బంద్ చేయండి. బ్రిటన్‌లో పిల్లల డాక్టరుగా, మనోవిశ్లేషకుడిగా పనిచేసిన విన్నికాట్ 1960లో రాసింది ఇదే: తల్లిదండ్రుల మనసుకు తగ్గట్టు ఒదిగి ఒదిగి పెరిగిన బిడ్డకు, తనకేం అనిపిస్తోందో తనకే తెలియకుండా పోతుంది. అల్లరి చేయని, ఏదీ అడగని, మార్కులు తెచ్చే పిల్లను చూసి "మా బిడ్డతోని ఏ లొల్లి లేదు" అని మురిసిపోయే ఇండ్లలో ఒకసారి ఆగి చూడాలి. ఇంటర్ ఫలితాల రోజు మార్కులు అడిగే ముందే "ఎన్నొచ్చినా రాత్రికి ఇంట్లనే తిందాం" అని చెప్పేయండి. ఫలితం వచ్చాక చెబితే నమ్మరు.

ఇది ముసుగు దాటిపోయిందని ఎప్పుడు అనుకోవాలి

రెండు వారాలకు పైగా రోజూ దిగులు, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం, నిద్రా ఆకలీ చెడటం, నేను ఎందుకూ పనికిరాననే మాట. ఇవి కలిసి ఉంటే పుస్తకం, ముచ్చట సరిపోవు. 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ ఇది, పైసలు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మొదటి మాటగా "నిద్ర వడ్తలేదు" అన్నా చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు. డాక్టరుకు ఎదురుగా చూపించుకోవాలంటే మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట మెడికల్ కాలేజీల ఆస్పత్రుల్లో మానసిక వైద్యుల విభాగం ఎక్కడో ఓపీ చీటీ రాసే దగ్గర అడగండి. మీ జబ్బు వివరాలు గుట్టుగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద మీ హక్కు.

చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే, నవ్వుతూ అన్నా సరే, సూటిగా అడగండి: "సచ్చిపోవాలని అనుకుంటున్నవా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఆ రాత్రి ఒంటరిగా ఉంచొద్దు. పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు ఇంట్లోంచి తీసి తాళం వేసి పక్కింట్లోనో చుట్టాలింట్లోనో పెట్టండి. ఆ ఊపు చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ సేపట్లో చేతికి ఏదీ అందకపోతే మనిషి దక్కుతాడు.

డాక్టర్ మందు రాస్తే, రెండు నుంచి నాలుగు వారాల దాకా పెద్ద తేడా తెలియకపోవచ్చు. మొదటి రోజుల్లో కడుపులో తిప్పడం, మత్తుగా ఉండటం ఉంటే మానేయకుండా ఫోన్ చేసి అడగండి. మనసు బాగైందని నెలకే ఆపేయొద్దు. ఎన్నాళ్లు వాడాలి, ఎట్లా తగ్గించాలి అన్న రెండు ప్రశ్నలు చీటీ మీద రాసుకొని పోండి. ఓపీలో వెనక లైను చూసి తొందరపడి చాలామంది అడగకుండానే వచ్చేస్తారు.